విదేశంలో ఇంటి ఇంటర్నెట్: చిరునామా తెలియనిదే లెక్క తేలదు

మరో దేశానికి కాపురం మార్చబోయేవారు ఇంటి అద్దె, పిల్లల బడి, వైద్య బీమా, పన్నుల గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో ఒక జాబితా చూసి ఊరుకుంటారు. ఆ దేశం ప్రపంచంలో ఎన్నో స్థానంలో ఉంది, అక్కడి సగటు వేగం ఎంత, నెలకు ఎంత కట్టాలి అనే మూడు అంకెలు దొరికితే పని అయిపోయిందనుకుంటారు. కొత్త ఇంట్లో సామాన్లు సర్దుకుని మూడు వారాలైనా ఇంకా ఫోన్ హాట్‌స్పాట్ మీదే ఆఫీసు మీటింగులు నెట్టుకొస్తున్నప్పుడు అర్థమవుతుంది, ఆ మూడు అంకెల్లో ఒక్కటీ తమ ఇంటిది కాదని.

ఆ జాబితాలు తప్పుడివేమీ కావు. వాటిని ఎలా తయారుచేస్తారో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఎక్కువమంది చూసేది ఊక్లా సంస్థ 2017 నుంచి వెలువరిస్తున్న స్పీడ్‌టెస్ట్ గ్లోబల్ ఇండెక్స్. జనం తమ ఇళ్లలో, ఫోన్లలో తామే మీట నొక్కి చేసుకున్న పరీక్షల ఫలితాలే దానికి ముడిసరుకు. మొదట్లో సగటును చూపిన ఈ సూచీ తర్వాత మధ్యగతానికి మారింది. అది చిన్న మార్పు కాదు. పది ఇళ్లున్న వీధిలో తొమ్మిదింటికి 50 ఎంబీపీఎస్ (సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని వేగాన్ని చెప్పే కొలత), ఒక్కదానికి 1000 ఎంబీపీఎస్ వస్తుంటే సగటు 145 అవుతుంది. ఆ వేగం ఆ వీధిలో ఏ ఇంట్లోనూ ఉండదు. అదే ఫలితాలను వరుసగా పేర్చి మధ్యలోది చూస్తే 50 అనే తేలుతుంది. అందుకే దేశాల పోలిక ఎక్కడ కనిపించినా, అది సగటా మధ్యగతమా అన్నది ముందు చూసుకోవాలి. రెండిటిలో ఏదన్నది చెప్పకుండా అంకె మాత్రమే ఇచ్చే వ్యాసాన్ని పక్కన పెట్టినా నష్టం లేదు.

మధ్యగతంతోనూ చిక్కులున్నాయి. వేగ పరీక్ష ఎవరు చేస్తారు? కొత్త కనెక్షన్ వచ్చిన సంబరంలో ఉన్నవారు, కనెక్షన్ మొరాయించి విసిగిపోయినవారు. మామూలుగా నడుస్తున్న ఇంట్లో ఆ మీట ఎవరూ నొక్కరు. పైగా చాలామంది వైఫై మీదే పరీక్షిస్తారు కాబట్టి గోడలు మింగేసిన వేగమూ లెక్కలోకి వస్తుంది. అన్నిటికీ మించి, పరీక్ష సాధారణంగా దగ్గరలోని సర్వర్‌తోనే జరుగుతుంది. ఆ సర్వర్ కొన్నిసార్లు మన కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. ఇంటి నుంచి వీధి చివరి వరకు రోడ్డు ఎంత వెడల్పో చెప్పే కొలత అది. సముద్రం అవతలి సర్వర్ దాకా ప్రయాణం ఎలా సాగుతుందో చెప్పదు. 2009లో మొదలైన మెజర్‌మెంట్ ల్యాబ్ అనే మరో కొలత వేదిక తన సర్వర్లను ఇంటర్నెట్ కంపెనీల నెట్‌వర్క్‌ల వెలుపల పెట్టి కొలుస్తుంది, కొలిచే పద్ధతీ వేరు. అందుకే ఒకే దేశానికి రెండు జాబితాల్లో రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తాయి. రెండూ నిజమే. ఒక జాబితాలోని దేశాన్ని మరో జాబితాలోని దేశంతో పోల్చడమే తప్పు.

ఎంబీపీఎస్ అన్న మాట గురించీ ఒక ముక్క చెప్పుకోవాలి. కంపెనీలు వేగాన్ని సెకనుకు మెగాబిట్లలో చెబుతాయి. కంప్యూటర్ ఫైళ్ల పరిమాణాన్ని మెగాబైట్లలో చూపుతుంది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. ఇంగ్లీషులో చిన్న బీ, పెద్ద బీ తేడాతో ఈ రెండిటినీ గుర్తుపడతారు. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా మిగలదు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద ఫైలు సెకనుకు పన్నెండు మెగాబైట్ల చొప్పున దిగుతోందంటే కంపెనీ మోసం చేసినట్టు కాదు, పూర్తి వేగం అందుతున్నట్టు.

గోడలోంచి వచ్చే తీగ

వేగాన్ని తేల్చేది దేశం కాదు, ఊరు కూడా కాదు. ఆ భవనంలోకి ఏ తీగ వస్తోందన్నదే తేలుస్తుంది. పాత టెలిఫోన్ రాగి తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్2ప్లస్ పద్ధతికి గరిష్ఠ పరిమితి 24 ఎంబీపీఎస్. అదీ ఎక్స్ఛేంజీ పక్కనే ఇల్లుంటేనే. కిలోమీటర్లు పెరిగే కొద్దీ ఆ వేగం కరిగిపోతుంది. వీధి మూలనున్న పెట్టె వరకు ఫైబర్ (కాంతితో డేటా పంపే గాజు తీగ) వేసి, అక్కడినుంచి ఇంటికి పాత రాగినే వాడే వీడీఎస్ఎల్ పద్ధతిలో ఆ పెట్టెకు కొన్ని వందల మీటర్ల లోపున్న ఇళ్లకు మాత్రమే మంచి వేగం అందుతుంది. కేబుల్ టీవీ తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ ఘనంగా ఉంటుంది, అప్‌లోడ్ పీనాసిగా ఉంటుంది. నేరుగా ఇంట్లోకి వచ్చే ఫైబర్‌కు దూరంతో పెద్దగా పేచీ లేదు. అయితే విస్తృతంగా వాడే జీపాన్ పద్ధతిలో సుమారు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్ సామర్థ్యాన్ని ముప్పై రెండో అరవై నాలుగో ఇళ్లు పంచుకుంటాయి. అందరూ ఒకేసారి పూర్తి వేగం లాగరన్న నమ్మకం మీదే అందరికీ గిగాబిట్ అమ్మగలుగుతున్నారు. ఆ నమ్మకం చాలావరకు నిజమే కూడా.

ఇప్పుడు దేశాల జాబితాను మళ్లీ చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. జపాన్‌లో ఫైబర్ విస్తారంగా ఉంది. అయినా కొన్ని పాత అపార్ట్‌మెంట్లలో ఫైబర్ భవనం అడుగు వరకు వచ్చి ఆగిపోతుంది. అక్కడినుంచి ఒక్కో ఫ్లాటుకు టెలిఫోన్ తీగ మీద వీడీఎస్ఎల్ వెళుతుంది, వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. పక్కనే కొత్త భవనంలో దానికి పది రెట్లు వస్తుండవచ్చు. ఆస్ట్రేలియా జాతీయ నెట్‌వర్క్ ఎన్‌బీఎన్‌లో ఒక ఇంటికి పూర్తి ఫైబర్, మరో ఇంటికి వీధి పెట్టె నుంచి రాగి, ఇంకో ఇంటికి కేబుల్ తీగ, ఊరి బయట వైర్‌లెస్, మారుమూల ఉపగ్రహం ఉంటాయి. 2025 సెప్టెంబరులో అక్కడ 100 ఎంబీపీఎస్ ప్లాన్లను 500కు పెంచినప్పుడు ఆ పెంపు పూర్తి ఫైబర్, కేబుల్ తీగ ఉన్న ఇళ్లకే దక్కింది. రాగి మీద ఉన్న ఇంటివారికి అది పత్రికలో చదువుకునే వార్త మాత్రమే.

'ఫైబర్' అన్న మాటను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి వీధి పెట్టె వరకే ఫైబర్ ఉండి, ఇంట్లోకి రాగి వచ్చే కనెక్షన్లను కూడా ఫైబర్ పేరుతోనే అమ్మారు. నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో అమల్లోకి వచ్చాకే, ఇంటిదాకా ఫైబర్ ఉన్న కనెక్షన్‌కే ఆ మాట వాడాలన్న కట్టుబాటు వచ్చింది. వేరే దేశంలో ప్రకటన చదివేవారు పేరును వదిలేసి, ఇంట్లోకి వచ్చే చివరి తీగ ఏమిటని అడగడమే మేలు.

ఈ సమాచారం తెలుసుకోవడం ఇప్పుడు కష్టం కాదు. అమెరికాలో సమాఖ్య కమ్యూనికేషన్ల కమిషన్ 2022 నవంబరులో విడుదల చేసిన బ్రాడ్‌బ్యాండ్ పటంలో చిరునామా కొడితే అక్కడ సేవలున్నాయని చెప్పుకునే కంపెనీలు, వాటి వేగాలు కనిపిస్తాయి. 'చెప్పుకునే' అన్న మాట కావాలనే వాడింది. ఆ వివరాలు ఇచ్చేది కంపెనీలే. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ సైటులో పోస్ట్‌కోడ్‌తో వెతకవచ్చు. ఎన్‌బీఎన్ సైటు ఇంటి నంబరు వరకు చెబుతుంది. జర్మనీలో సమాఖ్య నెట్‌వర్క్ సంస్థ బ్రాడ్‌బ్యాండ్ పటం నడుపుతోంది. కాబట్టి అసలు పోలిక దేశాల మధ్య జరగదు. అద్దెకు చూస్తున్న రెండు మూడు ఇళ్ల చిరునామాల మధ్యే జరుగుతుంది.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటగదిని చూసినంత శ్రద్ధగా గోడలనూ చూడవచ్చు. వాకిలి దగ్గరో హాలు మూలనో సన్నని తీగతో చిన్న తెల్ల పెట్టె, దాని మీద ఆకుపచ్చ దీపాలు ఉంటే చాలాసార్లు అది ఫైబర్ చివరి పెట్టె. గుండ్రని మర, మధ్యలో సూది లాంటి రాగి మొన కనిపిస్తే అది కేబుల్ టీవీ తీగ. టెలిఫోన్ ప్లగ్గు ఒక్కటే ఉంటే ఆ ఇంటి ఇంటర్నెట్ బహుశా రాగి మీదే నడుస్తోంది. ఇప్పుడున్న అద్దెదారు ఎదురుపడితే కంపెనీ పేరు అడగడం మామూలే. సాయంత్రం ఎనిమిది గంటలకు ఎలా ఉంటుందని అడిగితే మాత్రం అసలు సంగతి బయటపడుతుంది.

ఎనిమిది గంటలనే ఎందుకు అడగాలి? వీధి మొత్తం వీడియోలు చూసే వేళ అదే. బ్రిటన్‌లో ప్రకటనల నిబంధనలు 2018 మేలో మారకముందు, పది శాతం మందికి అందే వేగాన్ని కూడా 'ఇంత వరకు' అని ప్రకటించుకునే వీలుండేది. ఇప్పుడు రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య కనీసం సగం మంది వినియోగదారులకు అందే వేగాన్నే ప్రకటించాలి. ఆస్ట్రేలియాలో మార్కెట్ పోటీని, వినియోగదారుల హక్కులను చూసే కమిషన్ రాత్రి 7 నుంచి 11 వరకు ఉండే 'సాయంత్రపు సాధారణ వేగం' చెప్పమంటుంది. ఐరోపా సమాఖ్య 2015 నిబంధన ప్రకారం ఇంటి కనెక్షన్ ఒప్పందంలో కనీస వేగం, సాధారణంగా అందే వేగం, గరిష్ఠ వేగం, ప్రకటించిన వేగం విడివిడిగా రాయాలి. ఆ నాలుగింటిలో రెండోదే చూడాలి. ఇలాంటి నియమం లేని దేశంలో ప్రకటనలో కనిపించే అంకె గరిష్ఠమే అనుకోవడం మంచిది. ఒక దేశపు గరిష్ఠాన్ని మరో దేశపు సాయంత్రపు వేగంతో పోల్చి, రెండోది వెనకబడిందనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఎంత కావాలన్న ప్రశ్న

ఇంతకూ ఎంత వేగం ఉంటే సరిపోతుంది? హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతోంది. వీడియో కాల్‌కు మంచి నాణ్యతతోనైనా నాలుగైదు ఎంబీపీఎస్ మించదు. నలుగురున్న ఇంట్లో రెండు తెరల మీద 4కే సినిమాలు, ఇద్దరి వీడియో కాల్స్ ఒకేసారి నడిచినా 40 ఎంబీపీఎస్ చుట్టూ తిరుగుతుంది. 100 ఎంబీపీఎస్ ఉంటే చాలా ఇళ్లకు ధారాళం. గిగాబిట్ ప్లాన్ కోసం అదనంగా కట్టే డబ్బులో పెద్ద భాగం పెద్ద ఆటల ఫైళ్లు త్వరగా దిగడానికే ఖర్చవుతుంది. వాటి అవసరం ఉన్నవారి మాట వేరు. మిగతావారు ఆ డబ్బుతో మంచి వైఫై రౌటర్ కొనుక్కుంటే తేడా ఎక్కువ తెలుస్తుంది.

డౌన్‌లోడ్ అంకె ఇంత ఊరిస్తున్నప్పుడు అప్‌లోడ్ అంకెను ఎవరూ పట్టించుకోరు. ప్రకటనలోనూ అది చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. కుటుంబ ఫొటోలు, వీడియోలు కలిపి 40 గిగాబైట్లు ఉన్నాయనుకుందాం. వాటిని క్లౌడ్‌లో భద్రపరచాలంటే 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద దాదాపు తొమ్మిది గంటలు పడుతుంది. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద గంట లోపే. ఆ తొమ్మిది గంటలూ ఇంట్లో వీడియో కాల్ చేసేవారి ముఖం అవతలివారికి మచ్చలు మచ్చలుగా కనిపిస్తూనే ఉంటుంది. అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 2015లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి డౌన్‌లోడ్ 25, అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ ఉండాలని నిర్ణయించింది. 2024 మార్చిలో ఆ ప్రమాణాన్ని 100కు, 20కి పెంచింది. డౌన్‌లోడ్ నాలుగు రెట్లు పెరిగితే అప్‌లోడ్ దాదాపు ఏడు రెట్లు పెరిగింది. ఇంటి నుంచి పని మామూలైన కాలంలో అప్‌లోడ్ విలువ ఎంత పెరిగిందో ఆ అంకెలే చెబుతున్నాయి. ఇంటి నుంచి పనిచేసేవారు రెండు ప్లాన్లను పోల్చేటప్పుడు ముందు అప్‌లోడ్ చూసి, తర్వాతే డౌన్‌లోడ్ చూడటం ఉత్తమం.

దేశం మారేవారికి ప్రత్యేకంగా తగిలే సమస్య మరొకటి ఉంది. అదే ఆలస్యం, పరీక్షల్లో పింగ్ అని కనిపించేది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. పది వేల కిలోమీటర్ల దూరానున్న సర్వర్‌కు ఒక మాట వెళ్లి జవాబు రావడానికి ఎంత ఖరీదైన కనెక్షన్ అయినా 100 మిల్లీసెకన్లు తప్పవు. సముద్రపు కేబుళ్లు గీత గీసినట్టు వెళ్లవు కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువే. మాటల సంభాషణకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే ఇబ్బంది తెలియదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు. దాటే కొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. పాత దేశంలోని కంపెనీకే పనిచేస్తూ, దాని సర్వర్‌లోకి లాగిన్ అయి టైపు చేసేవారికి ప్రతి అక్షరమూ తెర మీదికి ఆలస్యంగా వస్తుంది. 100 ఎంబీపీఎస్ తీసేసి గిగాబిట్ పెట్టించుకున్నా ఆ ఆలస్యం తగ్గదు. దూరాన్ని డబ్బుతో కొనలేరు.

దారి మారినా ఆలస్యం మారుతుంది. ఎర్ర సముద్రంలో 2024 ఫిబ్రవరిలోను, 2025 సెప్టెంబరులోను కేబుళ్లు తెగినప్పుడు ఆసియా, ఐరోపాల మధ్య డేటాను చుట్టుదారిన పంపవలసి వచ్చింది. రెండోసారి మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ సేవల్లో ఆలస్యం పెరిగిందని స్వయంగా ప్రకటించింది. ఇంటి వేగ పరీక్షల్లో అలాంటి రోజున కూడా అంకె చక్కగానే కనిపిస్తుంది, ఎందుకంటే పరీక్ష సర్వర్ పక్క వీధిలోనే ఉంది. దీనికి విరుగుడు సులువు. వెళ్లబోయే దేశంలో ఇప్పటికే ఉన్న స్నేహితుడినో సహోద్యోగినో అక్కడి ఇంటి కనెక్షన్ నుంచి, ఇక్కడి నగరంలోని సర్వర్‌ను ఎంచుకుని పరీక్షించమనాలి. వేగ పరీక్షల సైట్లలో సర్వర్ మార్చుకునే వీలుంటుంది. ఆ ఒక్క ఫలితం ప్రపంచ జాబితా మొత్తం కంటే ఎక్కువ చెబుతుంది.

మారుమూల ఇంటికి ఉపగ్రహమే దిక్కయినప్పుడు ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిచే ఉపగ్రహం ద్వారా ఒక మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలతో ఆ బాధ చాలావరకు తీరింది. రెండూ ఉపగ్రహ ఇంటర్నెట్ పేరుతోనే అమ్ముడుపోతున్నా వీడియో కాల్‌కు రెండోదే పనికొస్తుంది.

ధర: ఎవరి జీతంతో కొలవాలి?

ఇక ధర. మారకపు రేటుతో గుణించి, అక్కడ ఇంత ఎక్కువ లేదా ఇంత తక్కువ అని తేల్చడం అందరూ చేసేదే. ఆ లెక్క అర్థవంతమయ్యేది ఒకే సందర్భంలో: జీతం పాత దేశపు డబ్బుల్లోనే వస్తూ, ఖర్చు కొత్త దేశంలో పెట్టేటప్పుడు. కొత్త దేశంలోనే ఉద్యోగమైతే అక్కడి చేతికొచ్చే జీతంలో బిల్లు ఎంత శాతమన్నదే చూడాలి. అంతర్జాతీయ సంస్థలూ ఆ దారినే వెళతాయి. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో పెట్టుకున్న లక్ష్యం ప్రకారం, 2025 నాటికి వర్ధమాన దేశాల్లో ప్రాథమిక బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు తలసరి నెలసరి జాతీయాదాయంలో రెండు శాతం లోపు ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. టెలికమ్యూనికేషన్ యూనియన్ దేశాల ధరలను పోల్చడానికి తీసుకునే ఇంటి కనెక్షన్ ప్యాకేజీలో ఉండేది నెలకు కనీసం 5 గిగాబైట్ల డేటా మాత్రమే. ఒక్క 4కే సినిమా మొదటి ముప్పావు గంటలోనే అది అయిపోతుంది. పేద దేశాల్లో ఇంటర్నెట్ అందుబాటును కొలవడానికి ఆ కొలబద్ద తగినదే. కాపురం మారే కుటుంబం ఆ జాబితా చూసి బడ్జెట్ వేసుకుంటే మాత్రం దెబ్బతింటుంది.

డేటా పరిమితి సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. 15 ఎంబీపీఎస్ మీద 4కే వీడియో గంటకు సుమారు 6.75 గిగాబైట్లు తింటుంది. రోజుకు ఐదు గంటల చొప్పున నెలంతా చూస్తే వెయ్యి గిగాబైట్లు దాటుతుంది. అపరిమితం అని రాసిన ప్లాన్లలోనూ ఒక హద్దు దాటాక వేగం తగ్గించే నిబంధన ఉండవచ్చు. ఆ హద్దు ఎంత, దాటాక వేగం ఎంత అన్నది ఒప్పందంలో వెతకాలి.

బిల్లులో కనిపించే ధరకూ, కట్టవలసిన మొత్తానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. మొదటి ప్లాన్ నెలకు 25 యూరోలు, 24 నెలల ఒప్పందం. పదమూడో నెల నుంచి ధర 45కు పెరుగుతుంది. బిగించడానికి 60, రౌటర్ అద్దె నెలకు 5. రెండో ప్లాన్ నెలకు 38 యూరోలు, ఎప్పుడైనా మానేయవచ్చు, బిగింపు ఉచితం, రౌటర్ మాత్రం 80 పెట్టి కొనుక్కోవాలి. పైకి చూస్తే మొదటిది పదమూడు యూరోలు చవక. రెండేళ్లు ఉంటే మొదటిదానికి 300, 540, 60, 120 కలిపి 1,020 యూరోలు. రెండోదానికి 912, 80 కలిపి 992. చవకగా కనిపించినదే ఖరీదైనది. ఇప్పుడు పదో నెలలో ఉద్యోగం మారి దేశం వదలవలసి వచ్చిందనుకుందాం. ఒప్పందంలోంచి బయటపడే దారి లేకపోతే మొదటి ప్లాన్‌కు ఆ 1,020లో అధికభాగం కట్టవలసి రావచ్చు. రెండోదానికి 460తో పని ముగుస్తుంది. కొత్త దేశంలో మొదటి ఏడాది ఎంతకాలం ఉంటారో ఎవరికీ గట్టిగా తెలియదు. అందుకే మొదటి ఏడాదికి కాస్త ఎక్కువైనా నెలవారీ ఒప్పందమే తెలివైన బేరం. రెండో ఏటి నుంచి లాభాల సంగతి చూసుకోవచ్చు.

ఈ విషయంలో దేశదేశానికీ చట్టం వేరు. ఐరోపా సమాఖ్యలో వినియోగదారుణ్ని మొదటి ఒప్పందంతో 24 నెలలకు మించి కట్టిపడేయడానికి వీల్లేదు. జర్మనీలో 2021 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, మొదటి గడువు ముగిశాక ఒప్పందం దానంతటదే కొనసాగినా నెల రోజుల నోటీసుతో మానేయవచ్చు. అంతకుముందు గడువు తేదీ మరచిపోయినవారు మరో ఏడాదికి ఇరుక్కునేవారు. ఒప్పుకున్న వేగం పదేపదే అందకపోతే ప్రభుత్వ సంస్థ ఇచ్చే కొలత సాఫ్ట్‌వేర్‌తో రుజువు చేసి బిల్లు తగ్గించుకునే హక్కూ అప్పుడే వచ్చింది. బ్రిటన్‌లో ఒప్పందం మధ్యలో ద్రవ్యోల్బణానికి ముడిపెట్టి ధర పెంచే పద్ధతిని 2025 జనవరి 17 తర్వాతి కొత్త ఒప్పందాల్లో నిషేధించారు. పెంచదలిస్తే ఎన్ని పౌండ్లు, ఎన్ని పెన్నీలు, ఎప్పటి నుంచి అన్నది ముందే రాయాలి. పెంపు ఆగలేదు, ముందే కనిపిస్తోంది, అంతే. అమెరికాలో 2024 నుంచి కంపెనీలు ప్రతి ప్లాన్‌కూ ఆహార పొట్లం మీది పోషకాల పట్టిక లాంటి చీటీ చూపించాలి. నెల ధర, అది ప్రారంభ ఆఫరా కాదా, అదనపు రుసుములు, సాధారణ వేగం, ఆలస్యం, డేటా పరిమితి అందులో ఉంటాయి. పన్నుల తేడానూ మరువకూడదు. ఐరోపాలో, బ్రిటన్‌లో వినియోగదారులకు చూపే ధరలో వ్యాట్ కలిసే ఉంటుంది. అమెరికాలో పన్నులు సాధారణంగా బిల్లులోనే ప్రత్యక్షమవుతాయి. ఈ రెండు ధరలను పక్కపక్కన పెట్టి పోల్చినవారికి అమెరికా ధర తక్కువగా కనిపించడం సహజమే.

కొన్ని విషయాలు ఏ పట్టికలోనూ ఉండవు. యూఏఈలో వాట్సాప్ లాంటి యాప్‌ల ఉచిత వాయిస్ కాల్స్ పనిచేయవు. అనుమతి ఉన్న యాప్‌లనే వాడాలి. ఇంటికి ఫోన్ చేయడమే ఇంటర్నెట్ ముఖ్య ప్రయోజనమైన కుటుంబానికి ఈ సంగతి వేగం కంటే ముందు తెలియాలి. చైనాలో అనేక విదేశీ సైట్లు నేరుగా తెరుచుకోవు. ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే ఐపీవీ4 అనే అంకెల చిరునామాల కొరత వల్ల చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నాయి. మామూలు వాడకానికి తేడా తెలియదు. ఇంట్లో సొంత సర్వర్ నడిపేవారికీ, కెమెరాలను బయటినుంచి నేరుగా చూడాలనుకునేవారికీ అది అడ్డం వస్తుంది. విడిగా చిరునామా కావాలంటే కొన్నిచోట్ల అదనపు రుసుము కట్టాలి.

చివరికి కనెక్షన్ ఎప్పుడు వస్తుందన్నది. ముందున్న అద్దెదారు వాడిన ఫైబర్ సిద్ధంగా ఉంటే కొద్ది రోజుల్లో పని అయిపోవచ్చు. కొత్తగా తీగ లాగాలంటే టెక్నీషియన్ తేదీ, యజమాని అనుమతి, భవనం నిర్వాహకుల అనుమతి కలిపి వారాలు పడుతుంది. ఆ దేశపు బ్యాంకు ఖాతా లేనిదే ఆర్డర్ తీసుకోని కంపెనీలున్నాయి. అక్కడ రుణ చరిత్ర లేనివారిని డిపాజిట్ అడిగేవీ ఉన్నాయి. బ్యాంకు ఖాతాకు చిరునామా కావాలి, చిరునామాకు ఇల్లు కావాలి. ఈ వరుస ముగిసేలోపు నెల గడుస్తుంది. ఆ నెల కోసం పెద్ద డేటా ఉన్న ప్రీపెయిడ్ సిమ్మో, కిటికీ దగ్గర పెట్టుకునే 5జీ రౌటరో ఖర్చులో ముందే రాసుకోవాలి. కొందరికి ఆ 5జీ రౌటరే సరిపోయి ఇక తీగ జోలికి వెళ్లరు. టవర్ మీద రద్దీ తక్కువున్న చోట అది తప్పేమీ కాదు.

తిరుగు ప్రయాణం రోజునా ఇంటర్నెట్‌తో ఒక పని మిగులుతుంది. అద్దె రౌటర్‌ను తిరిగి అప్పగించకపోతే దాని ఖరీదు చివరి బిల్లులో కలుస్తుంది, ఆ బిల్లు దేశం దాటాక వస్తుంది. అప్పటికి అక్కడి ఫోన్ నంబరు ఉండదు, బ్యాంకు ఖాతా మూసివేసి ఉంటారు. రౌటర్ అడుగున ఉన్న సీరియల్ నంబరును ఫొటో తీసుకోవాలి. పోస్టులో పంపిన రసీదునూ, మానేస్తున్నట్టు కంపెనీ ఇచ్చిన ధ్రువీకరణనూ పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోనే పెట్టుకోవాలి.